తూము దగ్గర గట్టు వెడల్పు

మా చెరువుగట్టు తూము దగ్గర ఎంత వెడల్పు ఉందో నేను పురికొసతో కొలిచాను. ఎండాకాలం, తెల్లవారగానే, పనివాళ్ళెవరూ రాకముందు. ఒక కొసను ఇవతలి అంచున గడ్డిదుబ్బుకు కట్టి, అవతలి అంచుదాకా నడిచి అక్కడ ముడి వేశాను. తాడు చుట్టి బొడ్లో దోపుకుని ఇంటికి వచ్చాను. ఆ సంగతి ప్రార్థనలో ప్రభువుతో చెప్పుకున్నాను గాని మా అమ్మాయితో చెప్పలేదు. చెబితే నవ్వుతుంది.

మా అమ్మాయి బండి కొన్నది. కారు కాదు. ముందు మనుషులు కూర్చునే క్యాబిన్, వెనక సామాను వేసుకునే తొట్టి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పికప్. ఏలూరులో ఒకాయన కొన్నాళ్ళు వాడి అమ్మేసిన బండి అది. కలిదిండి దగ్గర మాకు రెండు చేపల చెరువులున్నాయి. మా ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమవైపు స్వాధీనం తప్పాక ఆ రెండూ అమ్మాయి చేతికి వచ్చాయి. అది చదివినదీ చేపల చదువే. మేత బస్తా మోటారు సైకిల్ మీద పెట్టుకుని వానలో గట్టు మీద రెండుసార్లు జారిపడింది. రెండుసార్లూ ఎముక విరగలేదని నేను స్తోత్రం చెప్పుకుంటూ ఉండగానే, అది వెళ్ళి బండికి అడ్వాన్సు ఇచ్చి వచ్చింది.

నాకు నీళ్ళంటే భయం. కొల్లేటి లంకలో పుట్టి ఈ మాట అంటే ఎవరూ నమ్మరు. మా లంకలో బడి లేదు. దోనెలో అవతలి ఊరి బడికి వెళ్ళేవాళ్ళం. నా ఎనిమిదో ఏట, వానాకాలంలో, ఆ దోనె తిరగబడింది. అందరం బతికాం. కాని నేను మాత్రం బోర్లాపడ్డ దోనె కిందికి వెళ్ళిపోయాను. కళ్ళు తెరిచినా చీకటే. పైకి లేవబోతే నెత్తికి చెక్క తగిలేది. ఎవరో కాలు పట్టుకుని ఇవతలికి లాగారు. ఆ రోజుతో మా అమ్మ నా బడి మాన్పించేసింది. సంఘంలో పాటలు పాడించే మా నాన్నే పాటల పుస్తకం ముందు పెట్టుకుని నాకు అక్షరాలు దిద్దించాడు. కూడికలు, తీసివేతలు, ఉత్తరం రాయడం, అన్నీ ఆ అరుగు మీదే. దోనె తిరగబడకపోతే మా నాన్న పక్కన అన్నేళ్ళు కూర్చునే భాగ్యం నాకు దొరికేది కాదు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞత చెప్పుకుంటాను. భయం మాత్రం ఎన్ని స్తోత్రాలు చెప్పినా పోలేదు.

మా వైపు చెరువుగట్టు మీదికి బండి ఎక్కించే ముందు ఎవరైనా మూడు పనులు చేస్తారు. అద్దాలు పూర్తిగా దించుతారు. సీటు బెల్టు తీసేస్తారు. తలుపుల లాకు తీసేస్తారు. బండి నీళ్ళలోకి జారిందంటే కిటికీలోంచి ఈదుకుంటూ బయటపడాలి గదా. రోడ్డు మీద బెల్టు పెట్టుకోలేదని పోలీసులు ఆపుతారు, గట్టు మీద బెల్టు పెట్టుకుంటే మా వాళ్ళు తిడతారు. మా గట్టు ఇంటి వెనకనే మొదలవుతుంది. బండి ఇంజను మోగగానే మా ఆయన వసారాలో కుర్చీలోంచి కేకేసేవారు.

"అద్దాలు దించారా?"

"దించాం నాన్నా!"

అది వినబడితే గాని కాఫీ గ్లాసు అందుకునేవారు కాదు.

ఏలూరు నుంచి వచ్చేటప్పటికే బండి టైర్లు బోడిగా అరిగిపోయి ఉన్నాయి, రిమ్ములు తుప్పు పట్టాయి. ఎలాగూ మార్చాలి. మార్చేదేదో అందంగా మార్చుదామని మా అమ్మాయి. రోజూ అన్నం తింటూ ఫోనులో చక్రాలు చూపించేది.

"అమ్మా, ఇవి చూడు. కంచు రంగు. ఎలా ఉన్నాయి?"

"రంగు బాగుందమ్మా. బయటికెందుకు అలా తన్నుకొచ్చాయి?"

"అదే స్టైలు. బండి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడినట్టుంటుంది."

"నాలాగన్నమాట," అన్నారు మా ఆయన చేతికర్ర ఆడిస్తూ. "నేనూ అంతే నిలబడతాను. స్టైలు కోసం కాదులే, పడిపోతానని."

వాళ్ళిద్దరూ నవ్వారు. నా ఆలోచన తూము మీదికి పోయింది. కాళ్ళు ఎడంగా పెట్టడానికి చోటుండాలి గదా. తూము దగ్గర గట్టు సన్నబడుతుంది. ఒకవైపు చెరువు, రెండోవైపు మురుగు కాలవ. పాత చక్రాలతోనే అక్కడికి వచ్చేసరికి అమ్మాయి మాటలాపేసేది. మర్నాడే నేను పురికొస తీసుకెళ్ళాను.

ఏలూరులో ఒక షాపు చూశాం. నచ్చలేదు. అక్కడి నుంచి దెందులూరు మీదుగా హైవేలో తాడేపల్లిగూడెం వెళ్ళాం. షాపాయనకు యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఆయ్, రండమ్మా, రండి. బండి ఎవరిదండీ, మీ అబ్బాయిదా?"

"నాదేనండి," అంది మా అమ్మాయి.

ఆయన తడబడలేదు. "అయితే మరీ మంచిదండి. మగపిల్లలు రంగు చూసి కొనేత్తారు. మీరు నాలుగు ప్రశ్నలడుగుతారు."

ఆయనకు తెలియదు, ప్రశ్నలన్నీ నా దగ్గరున్నాయని. గోడల నిండా చక్రాలు వేలాడుతున్నాయి. ఒక్కోటి మా ఇంట్లో అన్నం వార్చే గంగాళమంత. ముందు బంపరు, తొట్టి మీద ఇనప కమ్మీ, టాపు మీద బారుగా లైట్లు, చక్రాల మీద గొడుగుల్లాంటి రేకులు, అన్నీ బండికి తగిలించి కంప్యూటర్లో చూపించాడు. మా అమ్మాయి కళ్ళు మెరిశాయి. బండి పక్కగా పైకి లేచిన నల్ల గొట్టం ఒకటి చూపించి అది ఏమిటని అడిగాను.

"దాన్ని స్నార్కెల్ అంటారమ్మా. బండి నీళ్ళలోకి దిగినా ఇంజనుకి పైనుంచి గాలి అందుతుంది. ఊపిరి ఆడుతుందన్నమాట."

"ఇంజనుకి సరేనండీ. లోపలున్నవాళ్ళకో?"

ఆయన కళ్ళజోడు కిందికి దించుకుని నన్ను చూశాడు. "అమ్మగారు మామూలోరు కాదండోయ్," అన్నాడు అమ్మాయితో.

కంచు రంగు చక్రాలు కిందికి దింపించాడు. వెడల్పాటి మడ్ టైర్లు, బురదలో పట్టు ఎక్కువ, అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంది. అప్పుడు నేను బొడ్లోంచి పురికొస తీశాను.

"అమ్మా, ఏంటది?" అంది మా అమ్మాయి.

"తూము దగ్గర గట్టు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తాడు అందుకుని షాపు గచ్చు మీద తిన్నగా పరిచింది. షాపాయన టేపుతో మా బండి వెడల్పు చూసి, ఆ చక్రాలు వేస్తే ఒక్కోవైపు ఎంత బయటికి వస్తాయో లెక్కకట్టి, తాడు మీద రెండు చక్రాలు నిలబెట్టించాడు. చక్రం అంచు నుంచి ముడిదాకా నాలుగు వేళ్ళు మిగిలాయి. అటూ నాలుగు వేళ్ళే. తర్వాత బాడీ దాటి బయటికి రాని మామూలు వెడల్పువి, నల్లటి మసక రంగువి పెట్టించాడు. జానెడు మిగిలింది.

అమ్మాయి ముడి పక్కన తన నాలుగు వేళ్ళు ఆనించి చూసింది. "నల్లవే ఇవ్వండి," అంది. "బాడీ దాటితే ఫైన్ కూడా వేస్తారు లెండి," అని తనకు తనే సర్దిచెప్పుకుంది. లైట్ల బారు మాత్రం వదల్లేదు. తొట్టి మీద కమ్మీ కూడా. సరేనన్నాను. నా ప్రార్థన ఫలించిందన్న సంతోషంలో దేనికైనా సరేననేదాన్ని.

చక్రాలు బిగించాక షాపాయన చిన్న డబ్బా, జానెడున్నర పొడుగు పానా ఒకటి నా చేతిలో పెట్టాడు. "దొంగలు విప్పకుండా చక్రానికొక లాక్ నట్టు వేశానమ్మా. ఈ తాళంలాంటిది తగిలించి, ఈ పానాతో తిప్పితేనే ఊడుతుంది. పోగొట్టుకున్నారనుకోండి, పంక్చరైనా చక్రం రాదు."

దాన్ని సీటు వెనక పడేద్దామంది అమ్మాయి. నేనివ్వలేదు. నా గుడ్డసంచీలో పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి బండెక్కితే ఆ సంచీ నా కాళ్ళ దగ్గరుండేది. "మా అమ్మ సంచీలో పానా లేనిదే బండి కదలదండీ," అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పి నవ్వేది అమ్మాయి.

ఇంతవరకూ నా భయం బాగానే పనిచేసింది. అక్కడ ఆగవలసింది.

అంతకు ముందు ఏడాది మా అమ్మాయికి డెంగీ వచ్చింది. ఏలూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. రక్తంలో కణాలు పడిపోతున్నాయని డాక్టరు చెప్పిన రోజున నేను మంచం కోడు పట్టుకుని చేసిన ప్రార్థనకు మాటలు లేవు. దాన్ని తిరిగి నా చేతికిచ్చాడు దేవుడు. ఇప్పుడేమో గట్టు మీద అద్దాలు దించుకుని తిరగాలి. తెల్లవారేముందు, పొద్దుగూకేటప్పుడు చెరువుల మీద దోమలు పొగలా లేస్తాయి. అద్దం దించిన కిటికీలోంచి నేరుగా ముఖం మీదికే వస్తాయి.

"ఏవండీ, కిటికీలకి దోమల మెష్ వేస్తారా?" అని ఆ రోజే, బయలుదేరే ముందు షాపాయన్ని అడిగాను.

"ఇళ్ళకి వేసేదాండీ? బండికెవరూ అడగలేదు గాని, ఎందుకు వెయ్యం? ఫ్రేము కొట్టించి బిగించేద్దారండి. నైలానా, స్టీలా?"

"ఏది గట్టిదండీ?"

"స్టీలమ్మా. ఎలక కొరికినా తెగదు."

"స్టీలే వెయ్యండి," అన్నాను.

నాలుగు కిటికీలకీ సన్నటి నల్ల ఫ్రేములో స్టీలు మెష్ స్క్రూలతో బిగించారు. నల్ల చక్రాలకూ దానికీ భలే జత కుదిరింది. బయటి నుంచి చూస్తే చాలా ఖరీదైన బండిలా ఉంది. మా అమ్మాయి ఫొటో తీసుకుంది. "అమ్మా, నువ్వు చేయించిందే అన్నిటికన్నా అందంగా ఉంది," అంది. గూడెం నుంచి వస్తూ దారి పొడుగునా నేను పాట పాడుకుంటూనే ఉన్నాను.

తర్వాత రెండు నెలలు రోజూ గట్టెక్కే ముందు మా ఆయన అడిగేవారు, అద్దాలు దించారా అని. రోజూ దించేవాళ్ళం. దోమ రాలేదు. రోజూ స్తోత్రం చెప్పుకున్నాను. అద్దం ఎందుకు దించుతామో నాకు తెలుసు. కిటికీకి ఏం బిగించానో తెలుసు. ఆ రెండూ ఒక్కసారైనా నా తలలో పక్కపక్కన నిలబడలేదు. మా అమ్మాయికీ తట్టలేదు, గట్ల మీద పుట్టి పెరిగిన మా ఆయనకూ తట్టలేదు.

ఆగస్టులో ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ పొడ లేదు. అలాంటప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. మూడో రోజు కరెంటు కూడా లేదు. నీటిని చిలికే ఏరేటర్లకు జనరేటరు వెయ్యాలి. డీజిల్ డబ్బాలు తొట్టిలో వేసుకుని పొద్దున్న ఆరింటికి బయలుదేరాం. నువ్వు రావద్దంది అమ్మాయి. నేను ఎక్కి కూర్చున్నాను. భయపడేవాళ్ళకు ఇంట్లో కూర్చోవడం ఇంకా కష్టం.

"అద్దాలు దించారా?"

"దించాం నాన్నా!"

తూము దగ్గరికి వచ్చేసరికి అమ్మాయి మాటలాపేసింది. నడక కన్నా నెమ్మదిగా పోనిస్తోంది. చక్రాలు గట్టు మధ్యనే ఉన్నాయి. నేను తల వంచి సైడు మిర్రరులో నా వైపు చక్రాన్నే చూస్తున్నాను. జానెడు చోటుంది. నా కళ్ళతో చూశాను. ఆ జానెడు చోటూ, దాంతోపాటు చక్రం కింద నేలా, కూర్చున్నట్టుగా కిందికి వెళ్ళిపోయాయి.

చప్పుడు కాలేదు. బండి నా వైపు ఒరిగింది. ఆగింది. మళ్ళీ ఒరిగింది. చెరువు నా కిటికీ దగ్గరికి వచ్చింది. నీళ్ళు మెష్‌లోంచి జల్లెడలో పోసినట్టు సన్నటి ధారలుగా లోపలికి కారాయి, ఆ తర్వాత ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. బండి పక్కకు పడుకుంది. బెల్టు లేదు గదా, అమ్మాయి నా మీదికి జారింది. స్టీరింగు పట్టుకుని నిలదొక్కుకుంది. ఇప్పుడు దాని కిటికీ మాకు నెత్తి మీద ఉంది. తలుపు నెట్టింది. బరువుకు లేవలేదు. కిటికీలోంచి వెళ్దామని చెయ్యి పైకి పెట్టింది.

చెయ్యి మెష్‌కు తగిలి ఆగిపోయింది.

"అమ్మా," అంది. చాలా చిన్నగా అంది. "అమ్మా, మెష్."

నీళ్ళు నా గుండెలదాకా వచ్చాయి. నా కిందనున్న కిటికీ బురదలో ఉంది. పైన ఆకాశం కనిపిస్తోంది, సన్న సన్న గళ్ళుగా. అమ్మాయి పిడికిలితో గుద్దింది. కాలెత్తి తన్నబోతే జారి నా భుజం మీద పడింది. స్టీలు. ఎలక కొరికినా తెగదు. నేను మళ్ళీ ఎనిమిదేళ్ళదాన్నయిపోయాను, నెత్తికి చెక్క తగులుతోంది. ప్రార్థన గుర్తు రాలేదు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. నేనే వేయించాను, నేనే వేయించాను అన్న మాట ఒక్కటే లోపల తిరుగుతోంది.

నీళ్ళ కింద నా కాలికి గట్టిగా ఏదో తగిలింది. సంచీ. వంగితే ముఖం మునిగింది. మునిగితే మునిగిందని చెయ్యి పెట్టి లాగాను. పానా చేతికి వచ్చింది.

"ఇదిగో!"

అమ్మాయి ఫ్రేము మూల సందులోకి పానా కొస గుచ్చి వేలాడింది. ఒక స్క్రూ లేచింది. ఇంకో మూల. నీళ్ళు నా గొంతుదాకా వచ్చాయి. గడ్డం ఎత్తి పెట్టుకున్నాను. మూడో స్క్రూ ఊడాక ఫ్రేము వంగింది. దాని అరచెయ్యి చీరుకుపోయి, రక్తం నా ముఖం మీద పడింది.

"నువ్వు ముందు రా అమ్మా."

"ఎక్కవే!" అని అరిచాను. నా కూతుర్ని నేను అంత గట్టిగా ఎప్పుడూ కసరలేదు. అది పైకి పాకి, వెనక్కి తిరిగి, నా జబ్బ పట్టుకుని లాగింది. ఫ్రేము అంచుకు నా జాకెట్టు చేతులు చినిగిపోయాయి. బయటికొచ్చి పడ్డాను.

బండి పక్క మీద ఇద్దరం కూర్చున్నాం. తాడేసి కొలిచి తెచ్చుకున్న చక్రాలు రెండు మా పక్కన గాలిలో ఉన్నాయి. ముందుదాని మీంచి వాననీళ్ళు కారుతున్నాయి. మా చుట్టూ నీళ్ళ మీద చేపలు నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. మేమూ అలాగే ఉన్నాం. గట్టు మొదట్లో మా ఆయన కనిపించారు. వసారా దాటి రాని మనిషి, కర్ర పట్టుకుని కాలు ఈడ్చుకుంటూ వానలో వస్తున్నారు.

"అద్దాలు దించారా?" అని అరుస్తున్నారు. "అద్దాలు దించారా?"

"దించాం నాన్నా," అంది మా అమ్మాయి. అని, మొదటిసారి ఏడ్చింది.

సాయంత్రం పొక్లెయిను తెచ్చి బండిని బయటికి తీశారు. చెరువులో సగం చేప పోయింది. గట్టు విరిగినచోట లోపలంతా పీతల బొరియలే. పైన గడ్డి పచ్చగా, గట్టిగా కనబడేది. నేను పురికొస కట్టిన దుబ్బు అక్కడే, నీళ్ళలోకి వాలి ఉంది. వెడల్పు కొలిచాను గాని కింద ఏముందో కాలితో అదిమైనా చూడలేదు.

గూడెం షాపుకు మళ్ళీ వెళ్ళాం. షాపాయన వంగిపోయిన ఫ్రేము చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అద్దాలుండగా మెష్ ఎందుకో నేను అడగాల్సిందమ్మా," అన్నాడు. "గట్టు మీద అద్దాలు దించుతారని నాకు తెలీదు. మావి వరి పొలాలు."

"నాకు తెలుసు గదండీ," అన్నాను. "స్టీలు అడిగింది నేనే."

మిగిలిన మూడూ పనివాళ్ళకివ్వకుండా ఆయనే కూర్చుని విప్పాడు. తలుపుల మీద స్క్రూ చిల్లులు మిగిలిపోయాయి. స్టిక్కరు వేసి కప్పేస్తానన్నాడు. వద్దన్నాను. కనబడనివ్వండి అన్నాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. దాని అరచేతిలో కుట్లు ఇంకా గరుగ్గానే ఉన్నాయి.

గట్టును తవ్వించి, కొత్త మట్టి తోలించి, రోలరుతో తొక్కించాం. తూము దగ్గర ఇప్పుడు వెడల్పు ఎక్కువే. నా భయం మాత్రం పాత వెడల్పు దగ్గరే ఉండిపోయింది. బండి ఎక్కుతూనే ఉన్నాను. పానా సంచీలోనే ఉంది. ఆ సంచీని చూసి ఇప్పుడెవరూ నవ్వరు.

మొన్న తెల్లవారుజామున గట్టెక్కాం. అద్దాలు దించారా అన్నారు మా ఆయన. దించాం, మెష్ లేదు అని జవాబిచ్చింది అమ్మాయి. ఇప్పుడు రోజూ అలాగే చెబుతుంది. దోమలు ముఖం మీదికి వచ్చాయి. చేతులకూ మెడలకూ వేపనూనె రాసుకున్నాం గాని అది ఎంతసేపు? తూము దగ్గరికి వస్తుండగా ఒకటి మా అమ్మాయి మెడ మీద, చెవి కింద వాలింది. ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. చెయ్యి లేచింది. కాని దాని రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయి, కళ్ళు చక్రం ముందున్న మట్టి మీదున్నాయి. నేను కొడితే ఉలిక్కిపడుతుంది.

చెయ్యి గాలిలో ఆపి చూస్తూ కూర్చున్నాను. దోమ తీరిగ్గా తాగింది. దాని పొట్ట ఎర్రబడడం కనిపిస్తోంది. ప్రభువా, ఈ ఒక్కటీ మంచి దోమ అయ్యుండాలి అని వేడుకున్నాను. బండి తూము దాటింది. ముందు చక్రాలు, వెనక చక్రాలు. గట్టు వెడల్పయింది.

అప్పుడు కొట్టాను.

"అబ్బా! ఏంటమ్మా?" అంది మా అమ్మాయి మెడ రుద్దుకుంటూ.

"ఏం లేదులే, పోనియ్," అన్నాను. నా అరచేతిలో దాని రక్తం, ఆవగింజంత.